రెండో గంటకు ఎర్ర వెలుగు

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం కమిటీ కూర్చుంది. నన్ను కూడా కూర్చోమన్నారు. మా ప్రార్థన మందిరం తూర్పు గోడలో రంగు అద్దాల కిటికీ ఒకటి ఉంది. క్రిస్మస్ పోయాక దాన్ని ఇటుకలతో మూసేయాలని, నేల మీది షాబాదు బండలపైన టైల్స్ పరచాలని తీర్మానం చదివారు.

"ఎండ పడితే స్క్రీన్ మీద పాటలు కనిపిస్తలేవు టీచరమ్మా," అన్నాడు సెక్రటరీ. నా దగ్గర సండే స్కూల్లో కూర్చున్నవాడే. ఇప్పుడు అతని నెత్తిన వెంట్రుకలు పలచబడ్డాయి. "మీకు కోపం గిట్ల వస్తదేమోనని భయపడ్డ."

"కోపమెందుకు బిడ్డా," అన్నాను. నిజంగానే రాలేదు. కోపం రావడానికి కూడా ఒంట్లో కొంత సత్తువ ఉండాలి. నా సంతకం అడిగారు, పెట్టాను.

గోడ పట్టుకుని మెట్లు దిగుతుంటే నాలుగో తరగతి పిల్ల ఒకతె ఎదురొచ్చింది. మా సండే స్కూలు పిల్లే. చేతిలో బడివాళ్లిచ్చిన కాగితం. కళను, సైన్సును కలిపి ఒక ప్రాజెక్టు చేసుకుని రావాలట. వెనకే వాళ్లమ్మ వచ్చింది.

"ఏం పరేషాన్ లేదమ్మా. బస్టాండ్ కాడ దుకాణంల థర్మాకోల్ సూర్యుడు రెడీమేడ్ దొరుకుతుండు. రంగు గూడ వాళ్లే ఏసి ఇస్తరు. ఇది వట్టిగ ఏడుస్తుంది."

"నేను చేస్త అంటే చేయనిస్తలేదు అమ్మమ్మా," అంది పిల్ల.

ఇలాంటి కాగితాలు నా టీచరు ఉద్యోగమంతా చూశాను. పైనుంచి వస్తాయి, మేం చదివి ఫైల్లో పెడతాం. బడిలో డ్రాయింగు పీరియడు గోడకు ఇవతల, సైన్సు పీరియడు అవతల. ఆ గోడకు చిన్న కంత పెట్టాలని ఎన్నేళ్లు ప్రయత్నించానో ఇప్పుడు తలుచుకుంటే నడుము నొప్పి తప్ప ఏమీ గుర్తు రాదు. అయినా నోరు ఊరుకోదు కదా.

"వచ్చే ఆదివారం జర జల్దీ రా. తెల్ల కాగితం, పెన్సిల్ తెచ్చుకో," అన్నాను.

ఇంటికి వచ్చి మంచం మీద ఒరిగాను. నిద్ర రాలేదు. తడి సున్నం వాసన వచ్చినట్టయింది. మా వీధిలో ఇప్పుడు ఎవరూ సున్నం వేయడం లేదు.

తడి సున్నం మా నాయన వాసన. ఆయన తాపీ మేస్త్రి. మా పెంకుటిల్లు మందిరం వెనక సందులో ఉండేది. ఇంట్లోకి అడుగు పెడితే ముందు ఆ సున్నం వాసన, దాని వెనకే నానమ్మ చాటలోంచి తంబాకు, తునికాకు వాసన. నానమ్మ బీడీలు చుట్టేది. రాత్రి ఆకును తడిపి గోనెగుడ్డలో చుట్టి పెడితే తెల్లారేసరికి ఇల్లంతా వాన పడ్డ అడవి వాసన వేసేది. ఆమె ఒళ్లో పడుకుంటే తుమ్ములు వచ్చేవి. "తుమ్మినన్ని దినాలు ఎక్కువ బతుకుతవ్ పో," అనేది. ఆ లెక్కన ఇంకా చాలా మిగిలి ఉండాలి నాకు.

నాయన సంఘపెద్ద కూడా. ఆదివారం గంట కొట్టే పని ఆయనది. తొమ్మిదింటికి మొదటి గంట, తొమ్మిదిన్నరకు రెండోది. శనివారం సాయంత్రం పక్కింటి రేడియోలో వార్తల ముందు టైం చెప్తుంటే, తన చేతిగడియారం చెవి దగ్గర పెట్టుకుని ముల్లు సరిచేసుకునేవాడు. పాస్టరయ్యగారు ఇంకా కోటు గుండీలు పెట్టుకుంటున్నా సరే, రెండో గంట ఆగేది కాదు.

"జర ఆగొచ్చు గద మేస్త్రీ," అనేవారు అయ్యగారు.

"ఆగొచ్చు అయ్యగారూ. మీ కోసం ఆగితే రేపు ఇంకొకల కోసం ఆగాలె," అనేవాడు నాయన తాడు వదలకుండానే.

నాయనకు బొమ్మలంటే పడదు. ఏ రూపాన్నీ చేసుకోవద్దన్న ఆజ్ఞను ఆయన గట్టిగా పట్టుకున్నాడు. దుకాణంవాళ్లు ఇచ్చిన క్యాలెండరు మీద బొమ్మను కత్తెరతో కోసేసి తేదీలు మాత్రమే గోడకు తగిలించేవాడు. పండుగకు పెద్ద చర్చికి పోతే రంగుల అద్దాల వంక చూడడు. ఆ గోడలు ఎంత నిటారుగా లేచాయో చూసి, "గుండు దారం పట్టి చూసినా వెంట్రుక మందం తేడా రాదు," అని మురిసి వచ్చేవాడు. మా చిన్న మందిరానికి ఆ రంగు కిటికీ పెట్టింది మాత్రం ఆయనే. ఖిల్లా కింద పాత హవేలీ ఒకటి కూలగొడుతుంటే అడిగి తెచ్చుకున్నాడు. తొమ్మిది చదరపు అద్దాలు, మధ్యలో ఎర్రది, దాని పక్కన నీలం, పసుపు. వాటిలో బొమ్మ లేదు. బొమ్మ లేదు కనుక పాపం లేదు.

అలాంటి ఇంట్లో నేను పుట్టాను. నాకేమో చేతికి బొగ్గు దొరికితే గోడ కావాలి, ఇటుక ముక్క దొరికితే బండ కావాలి. ఐదో తరగతిలో ఉన్న ఏడు సైన్సు నోటుబుక్కు నిండా సంఘాన్ని దించాను. నోరు తెరిచిన అయ్యగారు, ప్రార్థనలో కునికిపాట్లు పడే ముసలాయన, పాటల్లో అందరికన్నా ముందు పోయే లావు అత్తమ్మ. పరీక్షలో సైన్సుకు సున్నా వచ్చింది. పేపరు మీద ఎర్ర సిరాతో గుండ్రంగా ఉంటే చేయి ఊరుకోక దానికి కళ్లూ ముక్కూ పెట్టాను.

నాయన ఆ పేపరూ చూశాడు, నోటుబుక్కూ చూశాడు. కొట్టలేదు. ఒక్కొక్క కాగితం చించి పొయ్యిలో పెట్టాడు. అయ్యగారి మొహం అంటుకుని ముడుచుకుపోవడం ఇప్పటికీ కనిపిస్తుంది.

"ఇగ బడి బంద్. అవ్వ పక్కన కూసోని బీడీలు చుట్టు," అన్నాడు.

నానమ్మ చాటలోంచి తల ఎత్తలేదు. అమ్మ ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. ఆకు కోయడానికి నానమ్మ కొలతగా పెట్టుకునే రేకుముక్క వంక చూస్తూ కూర్చున్నాను. నా బతుకు ఇక ఆ రేకంతే అనుకున్నాను.

ఆ సాయంత్రమే సండే స్కూలు టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. ఆమె ఒంటరి మనిషి, వారమంతా మా బడిలోనే పాఠాలు చెప్పేది. పీట వేస్తే కూర్చుని, అమ్మ ఇచ్చిన టీ సాసర్లో పోసుకుని తాగింది.

"బిడ్డను బడి మాన్పిస్తున్నరంట, మేస్త్రీ?"

"సైన్సుల సున్నా తెచ్చింది టీచరమ్మా. తెచ్చి ఊకోలే, దానికి కండ్లు ముక్కు పెట్టింది."

టీచరమ్మకు నవ్వొచ్చి టీ పొలమారింది. నాయన నవ్వలేదు.

"బొమ్మలు మనకు పనికిరావు. మీకు తెల్వంది కాదు," అన్నాడు.

"మొన్న ఎల్దుర్తి దిక్కు పోయిన. ఆడ దొర ఇంటి దర్వాజ మీద గచ్చుతోని రెండు నెమళ్లున్నయ్. మస్తుగున్నయ్. ఎవలు పెట్టిండ్రు గవి?"

నాయన చేతిలో గ్లాసు ఆగింది. నానమ్మ మొదటిసారి తల ఎత్తి కొడుకు వంక చూసింది.

"గది కూలికి చేసిన పని," అన్నాడు.

"గిది గూడ పనే. అరణ్యంల దేవుని గుడారం చేసినోనికి దేవుడు ఏమిచ్చిండు? చేతిల నేర్పు, తలకాయల తెలివి, రెండూ ఒక్కపారే ఇచ్చిండు. మీరు బైబిల్ల చదివిందే గద. మీరు గోడకు దారం పడుతరు, తర్వాత పువ్వు దిద్దుతరు. దారం పట్టేది ఒక మనిషి, పువ్వు దిద్దేది ఇంకో మనిషా?"

నాయన గ్లాసు కింద పెట్టాడు.

"క్రిస్మస్ దాకా నాకియ్యుండ్రి పిల్లను," అంది టీచరమ్మ.

"క్రిస్మస్ దాకా. అప్పటికీ గిట్లనే ఉంటే చాట ముందల కూసుంటది."

మరుసటి ఆదివారం ఆమె నన్ను కిటికీ ఎదుట బండల మీద నిలబెట్టింది. పెద్దవాళ్లకు జంపఖానాలు పరిచేవారు, పిల్లలకు ఉత్త బండలే. ఆ బండల మీద తొమ్మిది రంగు పలకల వెలుగు పడి ఉంది.

"దీన్ని గీయి."

"బొమ్మ గీస్తే నాయిన మళ్ల కాలవెడ్తడు."

"ఇది బొమ్మ కాదు, వెలుగు. ప్రతి ఆదివారం ఎర్ర పలక కింది మూల యాడ పడుతదో చాక్‌పీసుతోని గుర్తు పెట్టు. ఇంటికి పోయి నోటుబుక్కుల దించు, రంగులెయ్యి. ఎందుకని నన్ను అడగకు. పండుగ నాటికి నువ్వే నాకు చెప్పాలె."

రంగులు కొనే రోజులు కావు. పసుపు వంటింట్లో ఉంది, నీలం బట్టలకు పెట్టే నీలం, ఆకుపచ్చ చిక్కుడాకు రసం. ఎరుపు కోసం పక్కింటి అత్తమ్మను కుంకుమ అడిగితే, "మీ నాయినకు తెలిస్తే నన్ను గూడ పొయ్యిల పెడ్తడు," అంటూనే ఆకులో కట్టి ఇచ్చింది. తుమ్మబంక నీళ్లలో నానబెట్టి వాటిని కలిపేదాన్ని. కాగితం మీద పసుపూ నీలమూ కలిస్తే ఆకుపచ్చ వచ్చేది. బండ మీద పసుపు వెలుగూ నీలం వెలుగూ అంచుల దగ్గర కలిసినచోట ఆకుపచ్చ రాలేదు. పాలిపోయి తెల్లగా ఉండేది. టీచరమ్మకు చెప్పాను.

"నేను ఇన్నేండ్లు చూడలే గది," అందామె. పెద్దవాళ్లు అలా ఒప్పుకోవడం నేనెప్పుడూ వినలేదు. ఆ మాటతో నెల రోజులు బతికాను.

గుర్తు పెట్టడానికి నేను ఎంచుకున్న వేళ ముగింపు దీవెన. అందులో నా దొంగ తెలివి ఉంది. దీవెనప్పుడు అందరూ లేచి తల వంచి కళ్లు మూసుకుంటారు. నాయన కూడా మూసుకుంటాడు. నేను మెల్లగా వంగి చాక్‌పీసు గీసి, ఆమెన్ లోపల మళ్లీ నిలబడేదాన్ని. దేవుడు చూసినా నాయనకు చెప్పడని ధైర్యం.

కానీ గుర్తులు కుదురుగా రాలేదు. ఒక వారం మూల ప్రసంగపీఠం వైపు జరిగింది. తర్వాతి వారం ఒక్కసారిగా గోడ దగ్గరికి దూకింది. ఇంకో వారం మళ్లీ బయటికి వచ్చింది. తాగినవాడు నడిచినట్టుంది. నోటుబుక్కులో దించితే చూడబుద్ధి కాలేదు. అందుకని ఐదు చుక్కలనూ చక్కటి వంపు మీదికి జరిపి, ఎర్రగా దిద్ది, చుట్టూ తీగ వేసి తీసుకుపోయాను.

టీచరమ్మ నోటుబుక్కు పట్టుకుని బండల మీద నడిచింది. ఒక గుర్తు చూసింది, కాగితం చూసింది. ఇంకోటి చూసింది.

"మస్తుగ గీసినవ్. కానీ అబద్ధం గీసినవ్."

నా చెవులు కాలిపోయాయి. మా సంఘంలో అబద్ధ సాక్ష్యం కన్నా పెద్ద మాట లేదు.

"బండ మీద గుర్తులు మంచిగ లేవు టీచరమ్మా. దుంకుతున్నయ్."

"దుంకితే దుంకినట్టు గియ్యాలె. మంచిగ లేదని నువ్వు దిద్దితే, అది ఎందుకు దుంకిందో ఇగ ఎవలకు తెలుస్తది? పో, ఆలోచన చెయ్యి."

ఇంటికి వచ్చి నానమ్మ పక్కన కూర్చున్నాను. అన్నం తినలేదు. గోడ దగ్గరికి దూకిన ఆ ఆదివారం ఏం జరిగిందని తలుచుకుంటే ముందు గుర్తొచ్చింది ఆకలి. మందిరం పక్కింట్లో ఆదివారం ఆదివారం తలకాయ కూర వండేవాళ్లు. మామూలుగా మేం బయటికి వచ్చాకే ఉల్లిగడ్డ వేగుతున్న వాసన వచ్చేది. ఆ రోజు దీవెనకు ముందే కూర ఉడికిన వాసన వచ్చేసింది. నా పక్కనున్న పిల్ల పొట్ట కప్పలా అరిచింది. ఇద్దరం నవ్వాపుకోలేక గిల్లుకున్నాం. ఎందుకంత ఆలస్యమైంది? అయ్యగారు ఆ రోజు కుష్ఠరోగుల మీద మొదలుపెట్టి ఎక్కడెక్కడికో పోయారు. మూల బయటికి వచ్చిన వారం ఆయనకు జలుబు. ప్రసంగం తొందరగా అయిపోయింది.

దూకింది సూర్యుడు కాదు. దీవెన.

పరుగెత్తుకుంటూ టీచరమ్మ ఇంటికి పోయాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"అయ్యగారు పొడుగు చెప్తే వెలుగు గోడ దిక్కు పోతుంది టీచరమ్మా! నేను వెలుగును కొలుస్తలేను, అయ్యగారి ప్రసంగాన్ని కొలుస్తున్న!"

ఆమె చాట కింద పెట్టి కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "ఆయనకు మాత్రం చెప్పకు," అంది. తర్వాత అడిగింది. "అయితే మన మందిరంల ఎన్నడూ తప్పనిది ఏమున్నది?"

ఆలోచించాల్సిన అవసరం లేకపోయింది.

"నాయిన కొట్టే రెండో గంట."

పాత గుర్తులు చెరిపేసి నవంబరు రెండో ఆదివారం మళ్లీ మొదలుపెట్టాను. గంట పడగానే గుర్తు. ఇప్పుడు మూల దూకడం మానేసింది. వారం వారం నెమ్మదిగా ప్రసంగపీఠం వైపు నడిచింది. మొదటి అడుగు జానెడు. తర్వాత బెత్తెడు. తర్వాత మూడు వేళ్లు, రెండు వేళ్లు, ఒక్క వేలు. ఆరు గుర్తులు అయ్యాయి. పైపైన చెరిగిపోతుంటే శనివారం శనివారం చాక్‌పీసుతో మళ్లీ దిద్దేదాన్ని.

మరచిపోయినదొకటి ఉంది. పండుగకు ముందు శనివారం సంఘమంతా కలిసి మందిరం కడుగుతుంది. ఆ రోజు నేను పోయేసరికి ఆడవాళ్లు బకెట్లతో నీళ్లు పోస్తున్నారు. సందులో ఎవరింట్లోనో గరిజెలు వేగుతున్న వాసన. నాయన కొబ్బరి పీచు పట్టుకుని బండలు రుద్దుతూ కిటికీ వైపే వస్తున్నాడు. నేను పోయి గుర్తుల మీద నిలబడ్డాను. రెండు కాళ్లకు రెండు గుర్తులే దాగాయి.

"జరుగు."

"వద్దు నాయినా. నీళ్లు పొయ్యకు."

"ఏంది గిది?" అని కిందికి చూశాడు. చాక్‌పీసు గీతలు చూసి మొహం గట్టిపడింది. తర్వాత అలాగే చూస్తూ ఉండిపోయాడు. గొంతుక్కూర్చున్నాడు. నడుముకు కట్టుకున్న సంచిలోంచి మేస్త్రి దారం తీసి ఒక కొస మొదటి గుర్తు మీద, ఇంకో కొస చివరి గుర్తు మీద పట్టాడు. మధ్యవి దారం పక్కనే వరసగా ఉన్నాయి. తర్వాత వేళ్లతో ఒక్కొక్క దూరం కొలిచాడు.

"ఎవలు పెట్టిండ్రు?"

"నేనే."

"అందాజుగ పెట్టినవా, కొలిసి పెట్టినవా?"

"కొలిసి."

"దేంతోని కొలిసినవ్?"

"నీ గంటతోని. రెండో గంట పడంగనే ఎర్ర మూల యాడుంటే ఆడ."

నాయన దారం వదల్లేదు. ఆయన మెడ మీద సున్నపు చుక్క ఎండి ఉంది. దాన్నే చూస్తూ నిలబడ్డాను.

"దగ్గర దగ్గరికి ఎందుకొస్తున్నయ్?" అని అడిగాడు. నాయన నన్ను ఒక విషయం తెలుసుకోవడానికి అడగడం అదే మొదలు.

"సూర్యుడు దక్షిణం దిక్కు పోతుండు నాయినా. పొయ్యి పొయ్యి అలిసిపోయి ఆగుతడేమో. ఆగితే మళ్ల ఎనుకకు తిరుగుతడు. రేపు మూల గీడనే పడితే ఆగినట్టు."

ఆయన లేచి పోయి సుత్తె, చిన్న ఉలి తెచ్చాడు. ఒక్కొక్క చాక్‌పీసు గుర్తు మీద ఉలి ఆనించి టక్కు టక్కుమని చిన్న గుంట పెట్టాడు.

"అయ్యో మేస్త్రీ, పండుగ పూట దేవుని ఇంట్ల బండలు పగులగొడుతున్నవా!" అంది పాటల్లో ముందు పోయే అత్తమ్మ.

"పగులగొడ్తలేను. గుర్తు పెడుతున్న. ఇగ పొయ్యుండ్రి నీళ్లు."

మరునాడు రెండో గంట కొట్టి నాయన తన జాగాకు పోలేదు. నేరుగా పిల్లల మధ్యకు వచ్చి నిలబడ్డాడు. ఎర్ర మూల ఆరో గుంటను సగం కప్పి కూర్చుంది. అది ఆగింది. నాయన వెనక్కి తిరిగి తన చోటికి పోయి, తప్పు రాగంలో, అందరికన్నా గట్టిగా పాట అందుకున్నాడు.

బొమ్మల గురించి ఆ తర్వాత కూడా ఆయన మాట మార్చుకోలేదు. మెచ్చుకోలేదు. పండుగ సెలవులు అయ్యాక బడి తెరిచిన పొద్దున చూస్తే, నా సైన్సు నోటుబుక్కుకు సిమెంటు సంచి కాగితంతో కొత్త అట్ట వేసి ఉంది. మూలలు మూలమట్టం పెట్టినట్టు మడిచి ఉన్నాయి. బీడీల చాట నానమ్మ ముందే ఉంది.

ఇవన్నీ తలుచుకున్న వారానికి, అంటే ఈ పొద్దున, మోకాళ్లకు నూనె రాసుకుని ముందుగానే మందిరానికి పోయాను. నవంబరు రెండో ఆదివారపు ఎండ తేటగా ఉంది. ఆ నాలుగో తరగతి పిల్ల నాకన్నా ముందే వచ్చి మెట్ల మీద కూర్చుంది. కాగితం బండల మీద పరిచి పెన్సిల్‌తో రుద్దమన్నాను. ఆరు గుంటలూ ఒకదాని తర్వాత ఒకటి కాగితంలోకి తెల్లగా లేచాయి. జానెడు, బెత్తెడు, మూడు వేళ్లు. క్రిస్మస్ పోయాక ఇవి టైల్స్ కిందికి పోతాయి. నేను ఆపలేను. సంతకం కూడా చేశాను.

"ఇవి ఏంటివి అమ్మమ్మా?"

"నా చిన్నతనంల రెండో గంటకు ఎర్ర మూల పడ్డ జాగలు, మొదటిది ఈ ఆదివారంది. గంట దాకా ఆగు. ఎర్ర మూల యాడుంటదో చూడు."

ఇద్దరం ఎదురుచూశాం. ఎర్ర మూల గోడ వైపు నెమ్మదిగా జరుగుతూ మొదటి గుంటలోకి వచ్చింది. ఆ గుంట నిండా ఎరుపు. గంట పడలేదు. ఇప్పుడు మాకు తాడు లేదు. సెక్రటరీ ఫోనులో నొక్కితే స్పీకర్లో గంట మోగుతుంది. అతను బయట ఎవరితోనో మాట్లాడుతున్నాడు. వెలుగు గుంట దాటింది. జానెడు పోయాక స్పీకరు గణగణమంది.

పిల్ల కాగితం వంక చూసింది. బండ వంక చూసింది. కిటికీ వంక, స్పీకరు వంక చూసింది. నేను ఏమీ చెప్పలేదు. చెప్పే ఓపిక లేక కాదు.

"అమ్మమ్మా," అంది మెల్లగా, ఎవరికైనా కోపం వస్తుందేమో అన్నట్టు. "ఎండ కరెక్టే వచ్చింది. గంటనే లేటయ్యింది."

నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. నాయన ఉంటే ఆ మాటకు గంట తాడు తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టేవాడు.